ఆదివారం పిట్టల బడి

మన హాస్టల్‌లో మూడు, నాలుగు, అయిదు తరగతుల తమ్ముళ్ళు ఇరవై ముగ్గురు ఉన్నారు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక స్టడీ అవర్ మొదలయ్యేదాకా వాళ్ళను కనిపెట్టుకుని ఉండే పని తొమ్మిది, పది తరగతుల వాళ్ళం మాకు పడింది. మొదట్లో క్యారమ్ బోర్డు ముందు కూర్చోబెట్టేవాళ్ళం. బోర్డు ఒకటే, పిల్లలు ఇరవై ముగ్గురు, ఇక కొట్లాటల సంగతి చెప్పనక్కరలేదు. పిట్టల సంగతి మాకు అప్పటికి తోచలేదు. ఒక తప్పు జరిగాక తోచింది.

నాలుగో తరగతి తమ్ముడొకడు ఉండేలుతో వేపచెట్టు మీది గోరువంకను కొట్టాడు. అది నీళ్ళ తొట్టి పక్కన పడి చచ్చిపోయింది. మేము ఉండేలు లాక్కుని విరిచేశాం, అందరి ముందూ వాణ్ణి తిట్టాం. "వీళ్ళది పిట్టలు పట్టే ఇల్లు అన్నా, వీడింతే" అని పక్క పిల్లలు నవ్వారు. మేము ఆ నవ్వును ఆపలేదు. వాడు రెండు రోజులు మాతో మాట్లాడలేదు.

ఆ ఆదివారమే పిట్టల పాఠం పెట్టాం. బోర్డు మీద కాకి బొమ్మ గీసి, ముక్కు, రెక్క, తోక అని గుర్తులు పెట్టి, పక్షులు మన నేస్తాలు, వాటిని చంపకూడదు అని చెప్పాం. పిల్లలు కోరస్‌గా అప్పజెప్పారు. ఆ తమ్ముడు మాత్రం వెనక నుంచి అడిగాడు, "అన్నా, కోడి పిట్ట గాదా?" అని. ఆ పూట మాకు కోడికూర. మా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు. కానీ బోర్డు మీద గీసిన కాకితో పని జరగదని మాత్రం ఆ రోజే తెలిసింది. బడిలో సైన్సు మాష్టారిని అడిగితే, "పిల్లల చేతికి ఏదైనా ఇవ్వండి, చెప్పేది తగ్గించండి" అన్నారు. ఆ మాట పట్టుకుని నడిచాం. అందులో ఏవి బాగా జరిగాయో, ఏవి జరగలేదో ఇక్కడ రాస్తున్నాం. చిన్న తమ్ముళ్ళు ఉన్న ఏ హాస్టల్‌లోనైనా ఇవి చెయ్యవచ్చు. ఖర్చు దాదాపు లేదు.

మొదట ఈకతో మొదలుపెట్టాం. ఒక్కొక్కరూ ఆవరణలో రాలిన ఈకను ఒకటి ఏరుకు రావాలి. కాకివి, పావురాలవి, కోళ్ళవి ఎక్కువ దొరికాయి. ఈకను కొన నుంచి మొదలు వైపు వేలితో దువ్వితే పోగులు విడిపోతాయి. మళ్ళీ మొదలు నుంచి కొన వైపు దువ్వితే అతుక్కుంటాయి. బడి నుంచి తెచ్చిన భూతద్దం కింద పెడితే పోగుల మీద మరీ సన్నని పోగులు కనిపిస్తాయి. వాటికి చిన్న చిన్న కొక్కేలు ఉంటాయని, బ్యాగు జిప్పు మాదిరిగా అవి ఒకదానినొకటి పట్టుకుంటాయని చెప్పాం. పిట్ట కొమ్మ మీద కూర్చుని ముక్కుతో ఒళ్ళంతా సవరించుకునేది సోకు కోసం కాదు. ఊడిన జిప్పులన్నీ వేసుకోవడం కోసం. తోక మొదట్లో ఉండే గ్రంథి నుంచి నూనె తీసి ఈకలకు పూసుకుంటుంది కూడా. ఈక మీద నీటి చుక్క వేస్తే ముత్యంలాగా జారిపోయింది. అదే ఈకను బట్టల సబ్బుతో బాగా కడిగి వేస్తే ఈసారి తడిసి ముద్దయింది. ఒక తమ్ముడు, "అయితే కాకికి సబ్బుతో స్నానం చేయించకూడదు" అన్నాడు. ఆ మాటను మేము పరీక్షలో ప్రశ్నగా పెట్టవచ్చు.

రెక్క ఈకకు మధ్య కాడకు ఒక పక్క సన్నగా, ఒక పక్క వెడల్పుగా ఉంటుంది. ఎగిరేటప్పుడు సన్న పక్క గాలికి ఎదురుగా ఉంటుంది. ఇది మాటల్లో చెబితే ఎవరికీ ఎక్కలేదు. ఈకను చేత్తో పట్టుకుని గాలిలో అటూ ఇటూ ఊపి చూసినప్పుడు కొందరికి ఎక్కింది.

అన్నిటికన్నా బాగా సాగింది ముక్కుల ఆట. వంటగదిలోంచి పట్టకారు, చెంచా, టీ వడకట్టు తెచ్చాం. బట్టల క్లిప్పు, స్ట్రా, చెవులు గుచ్చుకునే పుల్లలాంటి సన్న పుల్ల కూడా పెట్టాం. ఇవి ముక్కులు. మేత ఏమిటంటే పళ్ళెంలో బియ్యపు గింజలు, ఒలవని వేరుశనక్కాయలు, ఇసుకలో పాతిన చింతగింజలు, బక్కెట్ నీళ్ళలో తేలే ఆకు ముక్కలు, సన్నమూతి సీసాలో బెల్లం నీళ్ళు. ఒక్కొక్కరికి ఒకే ముక్కు. ముప్పై అంకెలు లెక్కపెట్టేలోగా ఎవరి ముక్కుతో ఎంత మేత దొరికితే అంత. చేతులు వాడితే అవుటు.

మొదటి ఆటలో అందరూ చెంచా కోసం కొట్టుకున్నారు. చెంచా దొరికినవాడు బియ్యం దగ్గర గెలిచి, సీసా దగ్గర ఒక్క చుక్క తాగలేక ఓడిపోయాడు. స్ట్రా వాడు సీసా ఖాళీ చేసి, వేరుశనక్కాయల దగ్గర ఏడుపు ముఖం పెట్టాడు. అప్పుడు మేము అడగవలసిన పని కూడా లేకపోయింది. తేనెపిట్టకు ముక్కు సన్నగా వంపు తిరిగి ఎందుకుందో, పిచ్చుకకు పొట్టిగా లావుగా ఎందుకుందో, చిలకకు కొక్కెంలా ఎందుకుందో వాళ్ళే చెప్పారు. వడకట్టు ఏ పిట్టది అంటే బాతుది అన్నారు. "మరి కాకిది ఏది?" అని ఒకడు అడిగితే పెద్ద తగువు వచ్చింది. చివరికి కాకికి అన్నీ కొంచెం కొంచెం వచ్చు, ఏదీ పూర్తిగా రాదు, అందుకే అది ఎక్కడైనా బతుకుతుంది అని తేల్చారు. మేము పుస్తకంలో చదివిన దానికి ఇది దూరం కాదు.

ఉండేలు తమ్ముడు మాట కలిపింది ఈ ఆటలోనే. బక్కెట్ దగ్గర వాడి చేతికి పట్టకారు వచ్చింది. మిగతావాళ్ళు నీళ్ళు చిందరవందర చేసి ఆకుల వెంట పడుతుంటే, వాడు పట్టకారును నీళ్ళకు జానెడు ఎత్తున పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. ఆకు తనంతట తాను కిందికి వచ్చినప్పుడు టక్కున పట్టాడు. "కొంగ ఇట్లా చేస్తాదన్నా. ముక్కు ఒకటే సాలదు, నిలబడేది గూడా రావాల" అన్నాడు. మేము ముక్కుల గురించే చెబుతున్నాం. వాడు ఓపికను కూడా లెక్కలో వేశాడు. పావురం, గువ్వ నీళ్ళలో ముక్కు ముంచి ఎత్తకుండా పీలుస్తాయని, మిగతా పిట్టలు చాలా మటుకు ముక్కులో నీళ్ళు పట్టి తల పైకెత్తి మింగుతాయని కూడా వాడే చెప్పాడు. నీళ్ళ తొట్టి దగ్గర కాచుకుని చూస్తే నిజమే. సైన్సు మాష్టారు కూడా నిజమే అన్నారు.

గుడ్డు గురించి చెప్పడానికి గుడ్డు పెట్టే రోజు వరకు ఆగాం. ఉడకబెట్టక ముందు వంట అక్కను బతిమాలి రెండు గుడ్లు తీసుకున్నాం. చీకటి గదిలో టార్చిలైటు మూతికి గుడ్డు ఆనించి వెలిగిస్తే లోపల ఎర్రగా కనిపిస్తుంది. వెడల్పు కొస దగ్గర గాలి గది నీడలాగా తెలుస్తుంది. గుడ్డును నీళ్ళలో వేస్తే తాజాది అడుగున పడుకుంటుంది, పాతబడ్డది నిలబడుతుంది, మరీ పాతదైతే తేలుతుంది. పెంకుకు ఉన్న కంటికి కనిపించని రంధ్రాల నుంచి లోపలి తడి ఆరిపోతూ గాలి గది పెరగడమే కారణం. ఈ పరీక్ష నేర్చుకున్నాక తమ్ముళ్ళు సరుకులు వచ్చిన ప్రతిసారీ వంటగది ముందు నీళ్ళ చెంబుతో నిలబడుతున్నారు. వంట అక్కకు ఇది మొదట నచ్చలేదు, తర్వాత నచ్చింది.

రెండో గుడ్డును నూడుల్స్ బండి అన్న ఇచ్చిన వెనిగర్‌లో వేసి ఉంచాం. వేసిన వెంటనే పెంకు మీద బుడగలు లేచాయి. ఒక రోజు ఉంచి, పైన నురగ కడిగి, వెనిగర్ మార్చి మరో రోజు ఉంచితే పెంకు పోయి, పల్చని పొరతో రబ్బరు బంతిలాంటి గుడ్డు మిగిలింది. పెంకులో ఉన్నది ముఖ్యంగా కాల్షియం కార్బొనేటు, అంటే సున్నపురాయిలో ఉన్నదే. మన వరండాలో పరిచిన కడప బండ కూడా సున్నపురాయే కదా అని, విరిగిన ముక్క మీద వెనిగర్ చుక్క వేసి చూశాం. అక్కడా సన్న బుడగలు వచ్చాయి. మనం నడిచే బండా, కోడిపెట్ట పెట్టే పెంకూ ఒకటేనా అని పిల్లలు ఆ సాయంత్రమంతా బండల వైపు చూస్తూ నడిచారు.

గుడ్ల రంగు ఆటను మేము సొంతంగా కల్పించాం. బంకమట్టితో ఇరవై చిన్న గుడ్లు చేసి ఎండబెట్టి, పదింటికి సున్నం పూశాం, పదింటిని మట్టి రంగులోనే వదిలి సన్న గులకరాళ్ళు అద్దాం. ఆటస్థలంలో చల్లి, అరవై లెక్కపెట్టేలోగా ఏరమన్నాం. తెల్లవి పదీ దొరికాయి. మట్టి రంగువి నాలుగే దొరికాయి. మిగతా ఆరు మాకూ దొరకలేదు, ఎక్కడ వేశామో మేమే మరిచాం! నేల మీద గుడ్లు పెట్టే తీతువు పిట్ట గుడ్లు మచ్చలతో రాళ్ళలో కలిసిపోయేలా ఉండటానికి కారణం ఇదే. చెట్టు తొర్రలో పెట్టే చిలక, గుడ్లగూబ గుడ్లు తెల్లగా ఉంటాయి, తొర్రలో దాచుకోవలసిన పని లేదు.

గూడు దగ్గర మేము ఓడిపోయాం. బావి మీదికి వాలిన తుమ్మచెట్టు నుంచి గాలికి రాలిన గిజిగాడి గూడు ఒకటి దొరికింది. పిట్టలు వదిలేసిన గూడు కాబట్టి తెచ్చాం. గుడ్లో పిల్లలో ఉన్న గూటి జోలికి మాత్రం ఎవరూ పోకూడదని మొదటి రోజే చెప్పి ఉంచాం. ఆ గూడు ఎదురుగా పెట్టుకుని, ఒక్కొక్కరికి రెండు చీపురు పుల్లలు ముక్కుగా ఇచ్చి, వరి ఆకు పేలికలతో అల్లమన్నాం. గంట గడిచినా ఒక్క ముడి నిలవలేదు. ఆఖరికి చేతులతో అల్లుకోమన్నా చిక్కుపడిన గడ్డి మిగిలింది. గూడు అల్లేది మగపిట్ట. సగం అల్లి, టోపీలా ఉన్నప్పుడే ఆడపిట్టలు వచ్చి చూసిపోతాయి. నచ్చితేనే మిగతా సగం పూర్తవుతుంది. నచ్చకపోతే ఆ గూడు అలాగే ఆగిపోతుంది. లోపలి గోడకు తడిమట్టి మెత్తి ఉంటుంది. ఆ మట్టికి మిణుగురు పురుగులను అంటించి దీపం పెట్టుకుంటుందని మా ఊళ్ళలో చెబుతారు. మా గూటిలో మట్టి ఉంది, మిణుగురు లేదు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1930 ప్రాంతంలో గిజిగాళ్ళను రోజుల తరబడి కూర్చుని గమనించి వాటి కాపురం సంగతులు రాశారు.

సలీం అలీ పేరు రాగానే ఒక సంగతి చెప్పాలి. 1896లో పుట్టిన ఆయన చిన్నతనంలో ఎయిర్‌గన్‌తో పిచ్చుకలను కొట్టేవాడు. ఒకసారి పడిన పిచ్చుకకు గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అదేమిటో తెలుసుకోవడానికి దాన్ని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి తీసుకుపోతే, అక్కడి పెద్దమనిషి తిట్టలేదు. అల్మారాలు తెరిచి వందల పిట్టలను చూపించాడు. అక్కడి నుంచి ఆయన దారి మారింది. 1931లో హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే మొదలుపెట్టింది కూడా ఆయనే. ఈ కథ తమ్ముళ్ళకు చదివి వినిపిస్తున్నప్పుడు మాకు ఉండేలు విరిచిన సంగతి గుర్తొచ్చింది. మేము అల్మారా తెరవలేదు, తిట్టాం.

మన జిల్లా కథ ఇంకొకటి ఉంది. కలివికోడి అనే పిట్టను 1848లో జెర్డన్ అనే డాక్టరు లోకానికి చెప్పాడు. 1900 తర్వాత అది ఎవరికీ కనిపించలేదు. లేకుండా పోయిందనే అనుకున్నారు. బొంబాయి నుంచి వచ్చిన శాస్త్రవేత్తలు ఊరూరా బొమ్మ చూపించి అడిగారు. 1986 జనవరిలో మన లంకమల దగ్గర రెడ్డిపల్లి ప్రాంతంలో ఐతన్న అనే వేట తెలిసిన మనిషి ఆ పిట్టను పట్టి తెచ్చాడు. దాని కోసమే తర్వాత అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. పుస్తకాల్లో లేకుండా పోయిన పిట్ట పొదల్లో తిరిగే మనిషికి దొరికింది.

ఈ కథ అయ్యాక మా తమ్ముడు అడిగాడు, "పిట్టను పట్టినందుకు ఆయన్ను ఫారెస్టోళ్ళు పట్టుకోలేదా అన్నా?" లేదు, వాళ్ళే వెతకమని అడిగారు అన్నాం. వాడు కాసేపు ఊరుకుని, "మా తాతకూ తెలుసు పిట్టలు" అన్నాడు. ఆ మాట తర్వాత ఎవరూ నవ్వలేదు.

కలివికోడి రాత్రిపూట తిరిగేది, కంటికి దొరకదు. అందుకని పరిశోధకులు పొదల మధ్య నేలను చదును చేసి మెత్తటి మట్టి పరిచి, తెల్లారి పాదముద్రలు వెతికారు. దానికి ముందుకు మూడు వేళ్ళే ఉంటాయి, వెనక వేలు ఉండదు. మేమూ కుళాయి దగ్గర రెండు గజాల మేర జల్లించిన మట్టి పరిచి, పక్కన నాలుగు అన్నం మెతుకులు చల్లాం. తెల్లవారి చూస్తే ముద్రలే ముద్రలు. పిచ్చుక గెంతుతుంది కాబట్టి రెండు పాదాలూ పక్కపక్కన జంటగా పడతాయి. గోరువంక నడుస్తుంది, దాని అడుగులు మన అడుగుల్లా ఒకదాని ముందు ఒకటి పడతాయి. కాకి రెండూ చేస్తుంది. పిల్లి వచ్చిపోయిన సంగతి, రాత్రి ఎవరో చెప్పుల్లేకుండా వంటగది వైపు వెళ్ళిన సంగతి కూడా మట్టి చెప్పింది. రెండోది ఇక్కడ రాయడం లేదు.

పాత నీళ్ళ ట్యాంకు మీద గుడ్లగూబ ఉంది. గూబ అరిస్తే అరిష్టమని చిన్నవాళ్ళు అటువైపు బాత్రూముకు కూడా పోయేవాళ్ళు కాదు. ట్యాంకు కింద బొటనవేలంత నల్లటి ఉండలు పడి ఉంటాయి. అవి రెట్టలు కావు. గూబ ఎలుకను ముక్కలు చెయ్యకుండా మింగి, అరగని ఎముకలు, వెంట్రుకలు ఉండగా చేసి నోటి గుండా కక్కేస్తుంది. ఉండలను గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పుల్లలతో విడదీశాం. అయిదు ఉండల్లో ఏడు ఎలుక పుర్రెలు దొరికాయి, పసుపు రంగు ముందు పళ్ళతో సహా. వాటిని నల్ల అట్ట మీద వరుసగా అంటించి వంటగది తలుపు పక్కన పెట్టాం. బియ్యం బస్తాలకు చిల్లులు పడుతున్నాయని రోజూ వాపోయే వంట అక్క దాన్ని చూసి, "అయితే దాన్ని ఎవరూ తరమబాకండి" అంది. అరిష్టం మాట తగ్గింది. పూర్తిగా పోలేదు, రాత్రి బాత్రూముకు ఇప్పటికీ ఇద్దరిద్దరుగానే పోతున్నారు.

ఈ పనులన్నిటిలో ఒక జాగ్రత్త తప్పదు. ఈకలు, ఉండలు, పాత గూళ్ళు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించాలి. చచ్చిపడిన పిట్టను ఎవరూ చేత్తో ముట్టుకోకూడదు, పెద్దవాళ్ళకు చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మేము ఈకల పాఠం, ఉండల పాఠం ఆపేశాం. ఆ నెలంతా దూరం నుంచి చూసి లెక్కపెట్టడం ఒక్కటే చేశాం.

ఒక ఆదివారం ఆ తమ్ముడి తాత మనవణ్ణి చూడటానికి వచ్చాడు. పిట్టల బడికి రమ్మంటే మొదట రానన్నాడు. వార్డెన్ గారు కుర్చీ వేయించి పిలిచాక వచ్చి, కుర్చీలో కాకుండా వేపచెట్టు కింద నేల మీద కూర్చున్నాడు. అరచెయ్యి నోటి దగ్గర పెట్టుకుని కౌజు కూత కూశాడు. గోడ అవతల కంప చెట్లలోంచి నిజమైన కౌజు బదులు పలికింది. పిల్లలు ఊపిరి బిగబట్టారు. పూరేడు, గువ్వ, తీతువు కూడా కూశాడు. వలలు, ఉచ్చుల సంగతి మేము అడగలేదు, ఆయన చెప్పలేదు. అడవి పిట్టలను పట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమని మాకు తెలుసు, ఆయనకూ తెలుసు. "ముందర ఈ బీళ్ళలో అడుగు తీసి అడుగేస్తే కౌజు లేసేది. బీళ్ళన్నీ తోటలయినంక పట్టనీకి గూడా పిట్ట లేదు" అన్నాడు. ఇప్పుడు ఆయన నిమ్మతోటలో కూలికి పోతున్నాడు. ఒక చిన్నవాడు ఆయన్ను అదే ప్రశ్న అడిగాడు, కోడి పిట్ట అవునా కాదా అని. తాత నవ్వి, "కోడిని మనం సాకి తింటాం. కౌజును ఎవరు సాకినారు?" అన్నాడు. దీని మీద మా పదో తరగతిలో ఇంకా వాదన నడుస్తూనే ఉంది.

పిట్టల నోటుబుక్కు ఒకటి పెట్టాం. పిట్ట పేరు, ఎక్కడ కనిపించింది, ఏం చేస్తోంది, తేదీ, చూసినవాడి పేరు. నియమం ఒకటే, చూసినది రాయాలి, పుస్తకంలోది రాయకూడదు. పేరు తెలియకపోతే బొమ్మ గీయాలి. ఇప్పటికి 34 పిట్టలు ఎక్కాయి, అందులో 19 మా తమ్ముడు చూసినవే. 27వ నంబరు ఎదుట పేరు లేదు. బొమ్మ పక్కన "తోక ఆడిస్తాది, నీళ్ళ కాడ, పొద్దున్నే" అని వాడి రాతలో ఉంది. చలికాలం పోయాక మళ్ళీ కనపడలేదు. వచ్చే కార్తీకంలో కాచుకుని చూడాలి.

మేము ఈ మార్చిలో పరీక్షలు రాసి వెళ్ళిపోతున్నాం. నోటుబుక్కు, భూతద్దం, పుర్రెల అట్ట వార్డెన్ గారి గదిలో ఆకుపచ్చ అల్మారా కింది అరలో ఉన్నాయి. భూతద్దం బడిది, అడిగితే ఇచ్చెయ్యాలి. వెనిగర్ సీసాలో ఇంకా సగం ఉంది.